ప్లాస్టిక్ జత్రుకల జత: సగటు ఎముకకు నమ్మకమైన ప్రతి, తేడాల విషయంలో అసంపూర్ణం

శరీర నిర్మాణ శాస్త్రం బోధించే గదుల్లో అసలు ఎముకల పెట్టెలు తగ్గిపోయి, వాటి స్థానంలోకి ప్లాస్టిక్ ఎముకలు వచ్చి చాలా కాలమైంది. ప్రపంచంలోని వైద్య కళాశాలలకు ఎక్కువగా ఎముకలను సరఫరా చేసిన భారతదేశం 1985లో మానవ ఎముకల ఎగుమతిని నిషేధించడం ఈ మార్పుకు ఒక ముఖ్యకారణం. ఇక్కడ సమీక్షకు తీసుకున్నది అలా వచ్చిన ఉత్పత్తుల్లో ఒకటి. వయోజనుల కుడి, ఎడమ జత్రుకలను, అంటే వాడుకలో కాలర్ బోన్లు అని పిలిచే ఎముకలను, అసలు పరిమాణంలో అచ్చుపోసిన జత ఇది. కండరాలు అంటుకునే చోట్లకు రంగులు వేసిన రకం ఒకటి, రంగులు లేని రకం ఒకటి దొరుకుతాయి. రెండింటితోనూ ఒక చిన్న వివరణ పుస్తకం వస్తుంది. రెండు రకాలనూ తరగతిలో వాడిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఇది: సగటు జత్రుక ఎలా ఉంటుందో నేర్పడానికి ఇంతకన్న మంచి నమూనా నా చేతికి రాలేదు. కాని ఈ ఎముక మనిషికీ మనిషికీ ఎంతగా మారుతుందో, ఆ మార్పు వైద్యుణ్ణి ఎక్కడెక్కడ తికమకపెడుతుందో ఇది చెప్పదు. ఒక చోటనైతే చెప్పకపోవడం కాదు, తప్పే నేర్పుతుంది.

ముందుగా మెచ్చుకోవలసినవి చెప్పాలి. జత్రుకకు ఉన్న రెండు వంపులు నమూనాలో సరిగ్గా కుదిరాయి. రొమ్ము ఎముక వైపున ఉన్న మూడింట రెండు వంతుల భాగం ముందుకు ఉబికి ఉండడం, భుజం వైపున ఉన్న చివరి మూడో వంతు వెనక్కు వంగి బల్లపరుపుగా మారడం చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. రొమ్ము వైపు కొన లావుగా, గరుకుగా ఉంటుంది. భుజం వైపు కొన చదునుగా ఉండి, ఆక్రోమియన్‌తో, అంటే రెక్క ఎముక పైకొనతో, కలిసే చిన్న కీలు తలాన్ని స్పష్టంగా చూపుతుంది. చవక నమూనాల్లో కింది భాగాన్ని నునుపుగా వదిలేయడం మామూలు. ఇందులో ఆ లోపం లేదు. సబ్‌క్లేవియస్ కండరం ఇమిడే గాడి, కోనాయిడ్ లిగమెంటు (లిగమెంటు అంటే ఎముకలను ఒకదానికొకటి కట్టి ఉంచే నార) అంటుకునే బొడిపె, దాని నుంచి బయటికి ఏటవాలుగా సాగే ట్రపిజాయిడ్ లిగమెంటు గీత, అన్నీ వేలికి తగిలేటంత లోతుగా ఉన్నాయి. ఎముక కుడిదో ఎడమదో గుర్తించమని పరీక్షలో అడిగినప్పుడు విద్యార్థి ఆధారపడేది ఈ గుర్తుల మీదే కనుక, ఆ పనికి ఈ జత పూర్తిగా సరిపోతుంది.

పొడవు విషయంలో కూడా తయారీదారులు జాగ్రత్త పడ్డారు. జత్రుక పొడవు పురుషుల్లో సగటున 15 సెం.మీ.కు దగ్గరగా ఉంటుంది. స్త్రీలలో దానికన్న ఒక సెంటీమీటరు పైగా తక్కువగా, ఎముక సన్నగా, వంపు కొంత తక్కువగా ఉంటుంది. ఈ నమూనా పొడవును, లావును, వంపును బట్టి చూస్తే అచ్చుకు మూలం ఒక పురుషుడి ఎముక అనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే వివరణ పుస్తకం దీనిని "మానవ జత్రుక" అని మాత్రమే పేర్కొంటుంది. ఒక మనిషి శరీరం నుంచి వచ్చిన ఎముకను మానవజాతి మొత్తానికి ప్రతినిధిగా నిలబెట్టినప్పుడు, ఆ ఒక్క మనిషి సొంత ప్రత్యేకతలు కూడా నియమాలుగా మారిపోతాయి. పాత కాలపు ఎముకల పెట్టెలో జత్రుకలు వేర్వేరు వ్యక్తులవి కలగలిసి ఉండేవి. ఎవరూ ప్రత్యేకించి చెప్పకపోయినా, పెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి చూసే విద్యార్థికి ఏ రెండూ ఒకేలా ఉండవన్న సంగతి చేతికే తెలిసిపోయేది. ప్లాస్టిక్ రావడంతో పోయిన అసలు విద్య అదేనని నా భావన.

ఇక ప్రధాన లోపానికి వస్తాను. ఈ జతలోని ఎడమ ఎముక వేరే ఎముక నుంచి తీసిన అచ్చు కాదు. కుడి ఎముకనే అద్దంలో చూపినట్లు తిప్పి చేసినది. కింది వైపున రక్తనాళం లోపలికి వెళ్ళే పోషక రంధ్రం రెండింటిలోనూ ఒకే దూరంలో, ఒకే వాలుతో ఉండడం, రొమ్ము వైపు కొన అంచున ఉన్న ఒక చిన్న నొక్కు కూడా రెండింటిలోనూ ప్రత్యక్షం కావడం చూస్తే సందేహానికి తావుండదు. తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పని కావచ్చు. కాని నిజమైన శరీరంలో కుడి, ఎడమ జత్రుకలు ఒకదానికొకటి అచ్చమైన ప్రతిబింబాలు కావు. చాలామందిలో ఎడమది కొద్దిగా పొడవుగా ఉంటుంది, కుడిది పొట్టిగా, లావుగా ఉంటుంది. ఎక్కువ మంది కుడి చేతివాటం వారు కావడం, ఆ వైపు ఎముక మీద కండరాల లాగుడు ఎక్కువ కావడం దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. రెండింటి మధ్య తేడా 5 మి.మీ. దాటిన ఆరోగ్యవంతులు కూడా అరుదేమీ కాదు.

ఈ కొద్ది మిల్లీమీటర్లు ఎందుకు ముఖ్యమో ఎముకల వైద్యుల పని తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. జత్రుక మధ్యలో విరిగినప్పుడు, రొమ్ము వైపు ముక్కను మెడ కండరం పైకి లాగుతుంది. భుజం వైపు ముక్క చేయి బరువుకు కిందికి జారి, ఛాతీ కండరాల లాగుడుకు లోపలికి వస్తుంది. ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఎముక కురచబడుతుంది. ఆ కురచదనం సుమారు 1.5 నుంచి 2 సెం.మీ. దాటితే శస్త్రచికిత్స గురించి ఆలోచించాలని చాలాకాలంగా ఒక కొలమానం వాడుకలో ఉంది. విరిగిన ఎముక అంతకు ముందు ఎంత పొడవుండేదో ఎక్కడా రాసి ఉండదు కనుక, విరగని రెండో వైపు ఎముకను కొలిచి దానితో పోలుస్తారు. సహజంగానే ఎడమ ఎముక అర సెంటీమీటరు పొడవుగా ఉన్న వ్యక్తిలో ఈ లెక్క ఎటు తప్పినా తప్పవచ్చు: కుడి ఎముక విరిగితే కురచదనం ఉన్నదానికన్న ఎక్కువగా కనిపిస్తుంది, ఎడమది విరిగితే తక్కువగా కనిపిస్తుంది. దీనికి ఎక్స్‌రే తీసిన కోణం వల్ల వచ్చే పొరపాటు తోడైతే, 2 సెం.మీ. అనే గీతకు అటూ ఇటూ ఉన్న రోగుల విషయంలో నిర్ణయమే మారిపోవచ్చు. రెండు వైపులూ సమానమన్న భావనను తొలి ఏడాదిలోనే విద్యార్థి మనసులో నాటే నమూనా, తరువాత ఆ విద్యార్థి చేయబోయే కొలతలో ఒక తప్పును ముందే పెట్టి పంపుతున్నదని అంటే అతిశయోక్తి కాదు.

విరగడం గురించి మాట్లాడుతున్నాము కనుక ఎముక లోపలి నిర్మాణాన్ని కూడా చూడాలి. జత్రుక విరిగితే సుమారు నూటికి 80 సందర్భాల్లో మధ్య మూడో వంతులోనే విరుగుతుంది. 1967లో ఎముకల వైద్యుడు ఆల్‌మన్ ప్రతిపాదించిన జత్రుక విరుపుల వర్గీకరణలో ఈ భాగాన్ని మొదటి వర్గంగా పెట్టడానికి ఈ తరచుదనమే ఆధారం. రెండు వంపులు కలిసేది అక్కడే, ఎముక అడ్డుకోత అన్నిటికన్న సన్నగా ఉండేది అక్కడే, రెండు కొనల్లో ఉన్నట్లుగా లిగమెంట్ల ఆసరా లేనిదీ అక్కడే. పైకి కనిపించే సన్నదనాన్ని నమూనా చక్కగా చూపుతుంది. కాని లోపల అంతా ఒకే ముద్ద ప్లాస్టిక్. మిగతా పొడవాటి ఎముకల్లో ఉండే మజ్జ గది జత్రుకలో చాలావరకు లేకపోవడం, స్పంజులాంటి ఎముక చుట్టూ గట్టి పొర ఉండి ఆ పొర మందం చోటు చోటుకీ మారడం దీనిని కోసి చూసినా తెలియదు. ఎముక లోపలికి సన్నని కడ్డీ దించి విరుపును నిలబెట్టే పద్ధతిలో, ఆ కడ్డీ ఏ వంపు దగ్గర ఆగిపోతుందో, ఎంత మందం కడ్డీ పడుతుందో నిర్ణయించేది ఈ లోపలి కొలతలే. ఇవి మనిషికీ మనిషికీ, స్త్రీ పురుషులకూ మారుతూ ఉంటాయి. డ్రిల్లు సాధనకు దీనిని వాడాలనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ప్లాస్టిక్ వేడికి కరిగి డ్రిల్లు బిట్టుకు అంటుకుంటుంది, గట్టి పొరను దాటిన క్షణంలో చేతికి తెలియవలసిన తేడా అసలు తెలియదు.

ఆ క్షణం తెలియకపోవడం చిన్న విషయం కాదు. జత్రుక రొమ్ము వైపు మూడో వంతుకు సరిగ్గా వెనకాల, చేతి నుంచి రక్తాన్ని తెచ్చే పెద్ద సబ్‌క్లేవియన్ సిర ఉంటుంది. విరుపును బిగించడానికి ముందు నుంచి వెనక్కు వేసిన స్క్రూ కాస్త పొడవైతే చేరేది దాని దగ్గరికే. ఎముక మందం కొలిచి స్క్రూ ఎంచుకోవాలి తప్ప సగటు మందాన్ని గుర్తు పెట్టుకొని ఎంచుకోకూడదు.

విరిగిన ఎముకకు స్క్రూలతో బిగించే, ముందుగానే వంచి తయారుచేసిన లోహపు ప్లేట్ల విషయంలో ఈ నమూనా మరింత తప్పుదోవ పట్టిస్తుంది. విరిగి పక్కకు జరిగిన జత్రుకలకు ప్లేటు వేయడం వల్ల ఎముక అతుక్కోకపోయే ప్రమాదం తగ్గుతుందని కెనడా ఎముకల గాయాల శస్త్రవైద్యుల సంఘం 2007లో ప్రచురించిన పరిశీలన (రోగులను చీటీ వేసినట్లు రెండు గుంపులుగా పంచి చేసినది) చూపిన తరువాత ఈ ప్లేట్ల వాడకం పెరిగింది. జత్రుక ఆకారానికి తగినట్లు వంచి వచ్చే ప్లేట్లను ఈ నమూనా మీద పెట్టి చూస్తే ఏ సందూ లేకుండా కూర్చుంటాయి. ప్లేటూ నమూనా రెండూ ఒకే రకం సగటు ఆకారానికి దగ్గరగా ఉన్నాయి కనుక అలా కూర్చోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. అదే 2007లో వెలువడిన మరో అధ్యయనం, మ్యూజియం సేకరణలోని అసలు జత్రుకల మీద ఇటువంటి ప్లేట్లను ఆనించి చూసి, స్త్రీల ఎముకల్లో, ముఖ్యంగా తెల్లజాతి స్త్రీల ఎముకల్లో, చాలా వాటికి అవి సరిగా అమరవని తేల్చింది. సరిగా అమరని ప్లేటు చర్మం కింద ఎత్తుగా నిలబడి, బ్యాగు పట్టీ తగిలినా నొప్పి పెడుతుంది. చివరికి దాన్ని తీసేయడానికి మరో శస్త్రచికిత్స అవసరమవుతుంది. సన్నగా, తక్కువ వంపుతో, కొంత పొట్టిగా ఉన్న రెండో జతను కూడా ఈ పెట్టెలో పెట్టి ఉంటే, శిక్షణలో ఉన్న శస్త్రవైద్యుడు ప్లేటును చేతితో మళ్ళీ వంచవలసిన అవసరాన్ని బల్ల మీదే తెలుసుకునేవాడు.

రొమ్ము వైపు కొన కింద, మొదటి పక్కటెముకకు జత్రుకను బిగించి ఉంచే లిగమెంటు అంటుకునే చోటు ఈ నమూనాలో నాకు బాగా నచ్చిన భాగం, అదే సమయంలో ఎక్కువ అభ్యంతరం ఉన్న భాగం కూడా. అక్కడ బొటనవేలితో మెత్తని మట్టిని నొక్కినట్లు ఒక లోతైన గుంట ఉంది. దీనినే రాంబాయిడ్ ఫోసా అంటారు. అచ్చు అద్భుతంగా ఉంది. గుంట అంచులు, అడుగున ఉన్న గరుకుతనం కూడా పడ్డాయి. అయితే అందరిలోనూ ఇక్కడ గుంట ఉండదు. కొందరిలో ఆ చోటు చదునుగా ఉంటుంది, కొందరిలో కాస్త గరుకుగా మాత్రమే ఉంటుంది, మరికొందరిలో గుంటకు బదులు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఒకే మనిషిలో ఒక వైపు గుంట ఉండి రెండో వైపు లేకపోవడమూ ఉంది. లోతైన గుంట పురుషుల్లో, అందులోనూ యువకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది కనుక, దొరికిన ఎముక ఎవరిదో తేల్చే ఫోరెన్సిక్ నిపుణులు దీనిని పురుషుడి ఎముక అనడానికి ఒక సూచనగా తీసుకుంటారు.

ఛాతీ ఎక్స్‌రేలో ఈ గుంట ఎముకను ఏదో తినేసినట్లు ఒక నల్లని ఖాళీగా కనిపిస్తుంది. ఒక్క వైపే ఉంటే అనుమానం మరీ పెరుగుతుంది. దీనిని కణితిగానో, ఎముకకు పట్టిన చీముగానో పొరబడి అనవసరమైన స్కాన్లకు, ఒక్కోసారి ముక్క తీసి పరీక్షించడం దాకా వెళ్ళే ప్రమాదం ఉందని రేడియాలజీ పాఠాల్లో హెచ్చరిస్తూనే ఉంటారు. కింది అంచున, పక్కటెముకకు ఎదురుగా, స్పష్టమైన హద్దుతో ఉన్న ఖాళీ సాధారణ వైవిధ్యమేనని గుర్తించడం నేర్పడానికి ఈ నమూనా ఎంతో ఉపయోగపడాలి. కాని రెండు ఎముకల్లోనూ ఒకే లోతున గుంట పెట్టి, వివరణ పుస్తకంలో అది "ఉంటుంది" అని రాసి ఊరుకోవడం వల్ల, విద్యార్థి దాన్ని తప్పనిసరి గుర్తుగా నేర్చుకుంటాడు. ఆ తరువాత గుంట ఒక వైపే ఉన్న ఎక్స్‌రే ఎదురైతే, గుంట ఉన్న వైపు జబ్బు ఉందనుకోవడానికీ, లేని వైపు ఏదో లోపం ఉందనుకోవడానికీ సమానంగా అవకాశం ఇచ్చినట్లవుతుంది.

రంధ్రాల సంగతి చూద్దాం. నమూనాలో ఒకే ఒక్క పోషక రంధ్రం ఉంది. అసలు ఎముకల్లో ఇవి ఒకటి కన్న ఎక్కువ ఉండవచ్చు, స్థానమూ మారుతుంది. దీనిని పెద్ద లోపంగా నేను లెక్కించను. కాని మెడ నుంచి దిగి ఛాతీ పైభాగపు చర్మానికి స్పర్శనిచ్చే సుప్రాక్లావిక్యులర్ నరాల ప్రస్తావన పుస్తకంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం లోపమే. మెడలోని మూడో, నాలుగో నరాల నుంచి వచ్చే ఈ కొమ్మలు సాధారణంగా జత్రుక మీదుగా కిందికి దిగుతాయి. ప్లేటు వేసేటప్పుడు ఇవి తెగితే ఛాతీ పైభాగంలో ఒక పట్టీ మేర తిమ్మిరి మిగులుతుంది. అరుదుగా కొందరిలో ఈ నరాల్లో ఒకటి ఎముక మీదుగా వెళ్ళకుండా ఎముకను తొలుచుకుని, ఒక చిన్న కాలువ గుండా వెళుతుంది. అటువంటి వ్యక్తికి జత్రుక విరిగితే నరం ఆ కాలువలోనే నలుగుతుంది. విరగకపోయినా అక్కడ ఒత్తిడికి లోనై, కారణం దొరకని భుజం నొప్పిగా బయటపడవచ్చు. సన్నని కాలువ గలిగిన ఒక్క ఎముకను అదనంగా చేర్చడం ఈ స్థాయి అచ్చు పనితనం గల తయారీదారులకు కష్టం కాదు.

భుజం వైపు కింది భాగంలో మరో వైవిధ్యం గురించి కూడా నమూనా ఏమీ చెప్పదు. కోనాయిడ్ బొడిపెకూ, దాని కింద రెక్క ఎముక నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన కొరకాయిడ్‌కూ మధ్య మామూలుగా ఉండేది లిగమెంటు మాత్రమే. కొందరిలో ఆ చోట మృదులాస్థి కప్పిన రెండు తలాలతో నిజమైన కీలే ఏర్పడుతుంది. ఆసియా జనాభాల్లో ఇది మిగతా చోట్లకన్న ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందిలో దీనివల్ల ఏ బాధా ఉండదు, వేరే కారణానికి తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా బయటపడుతుంది. కొద్దిమందిలో భుజం నొప్పికి, చేతికి వెళ్ళే నరాల మీద ఒత్తిడికి కారణం కావచ్చు. జత్రుకకూ కొరకాయిడ్‌కూ మధ్య తెగిన లిగమెంట్లను మళ్ళీ కట్టే శస్త్రచికిత్సలో, భుజం వైపు కొన నుంచి సుమారు 3 సెం.మీ. దగ్గర ట్రపిజాయిడ్‌కు, సుమారు 4.5 సెం.మీ. దగ్గర కోనాయిడ్‌కు రంధ్రాలు వేయాలని చెప్పే లెక్క ఈ నమూనా మీద చక్కగా సరిపోతుంది. ఎందుకంటే ఇది పొడవైన పురుషుడి ఎముక. పొట్టి ఎముకలో అదే సెంటీమీటర్లు వాడితే రంధ్రం ఉండవలసిన చోటుకన్న లోపలికి జరుగుతుంది. పొడవును బట్టి నిష్పత్తిగా చెప్పడం మేలు.

వయసును ఈ నమూనా పూర్తిగా వదిలేసింది. జత్రుక పిండ దశ అయిదారు వారాల్లోనే గట్టిపడడం మొదలుపెడుతుంది. శరీరంలో ఎముకగా మారడం ప్రారంభించే మొదటి ఎముక ఇదే. పూర్తిగా కలిసిపోవడంలో మాత్రం ఇది చివరిది. రొమ్ము వైపు కొన మీద పలుచని పెంకులాంటి ఎపిఫిసిస్ అనే విడి కొన ముక్క యౌవన దశ చివరలో కనిపించి, సాధారణంగా 25 ఏళ్ళ ప్రాంతంలో, కొందరిలో 30 దాకా కూడా, మిగతా ఎముకతో కలుస్తుంది. కొరియా యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల ఎముకలను పరిశీలించి 1957లో మానవ శాస్త్రవేత్తలు మెకెర్న్, స్టివార్ట్ ప్రచురించిన కొలతల్లో దీనికి ముఖ్య స్థానం ఉంది. ఆ ఎముకలన్నీ యువకులైన పురుషులవేనన్న సంగతిని ఆ కొలతలు వాడేవారు మరచిపోరాదు. 2004లో ఈ కలయికకు అయిదు దశల వర్గీకరణ వచ్చింది. పత్రాలు లేని వ్యక్తికి మేజరు వయసు దాటిందా లేదా అని న్యాయస్థానాలు అడిగినప్పుడు, మిగతా ఎముకలన్నీ అప్పటికే కలిసిపోయి ఉంటాయి కనుక నిపుణులు ఈ కొనవైపే చూస్తారు. ఇందులోనూ వ్యక్తికీ వ్యక్తికీ ఏళ్ళ తేడా ఉంటుంది. అందుచేత ఒక దశను బట్టి ఒకే వయసు చెప్పడం కుదరదు, ఒక పరిధి మాత్రమే చెప్పగలరు.

వైద్యానికి సంబంధించి దీని ప్రాముఖ్యం మరింత సూటిగా ఉంటుంది. 25 ఏళ్ళ లోపు వ్యక్తికి రొమ్ము ఎముక దగ్గర కీలు తప్పినట్లు కనిపిస్తే, చాలాసార్లు అది కీలు తప్పడం కాదు. ఇంకా కలవని ఎపిఫిసిస్ దగ్గర ఎముక విడిపోవడం. ఆ ముక్క వెనక్కు జరిగితే శ్వాసనాళాన్ని, పెద్ద రక్తనాళాలను నొక్కుతుంది. కొన మీద పలుచని పెంకు విడిగా కనిపించినంత మాత్రాన అది విరిగిన ముక్క అనుకోవడం కూడా పొరపాటే. కలవని కొన, సగం కలిసిన కొన, పూర్తిగా కలిసిన కొన అని మూడు చిన్న ముక్కలు అదనంగా ఇస్తే చాలు. పూర్తి ఎముకలు కూడా అక్కరలేదు.

పుట్టుకతో వచ్చే లోపాలను బోధనా నమూనాలో చూపాలని నేను ఆశించను కాని, పుస్తకంలో వాటికి ఒక పేరా దక్కవలసింది. క్రోమోజోమ్ 6 పొట్టి భుజం మీద ఉన్న రంక్స్ 2 జన్యువులో మార్పు వల్ల కలిగే క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియాలో జత్రుకలు కురచగా ఉంటాయి లేదా అసలు ఉండవు. అటువంటివారు రెండు భుజాలను ఛాతీ ముందు దాదాపు కలిపేయగలుగుతారు. 1898లో ఫ్రెంచి వైద్యులు మారీ, సాంతోన్ దీనిని వర్ణించారు; జన్యువు సంగతి 1997లో తేలింది. నడినెత్తి ఆలస్యంగా పూడడం, అదనపు పళ్ళు రావడం దీనితో పాటే ఉంటాయి కనుక తొలుత గుర్తించేది దంత వైద్యుడే కావచ్చు. ఇక పుట్టుకతో జత్రుక మధ్యలో అతుక్కోకుండా ఉండే స్థితి దాదాపు ఎప్పుడూ కుడి వైపే కనిపిస్తుంది. ఎడమ వైపు కనిపిస్తే గుండె కుడి వైపున ఉందేమో చూడాలి. ప్రసవంలో విరిగిన ఎముకతో దీనిని పొరబడకూడదు. ప్రసవంలో విరిగినది కొద్ది వారాల్లో గడ్డకట్టి అతుక్కుంటుంది, ఇది అతుక్కోదు.

సబ్‌క్లేవియన్ సిరలోకి గొట్టం వేయడం నేర్పేవారు ఈ జతను బాగా వాడుకోవచ్చు. 1952లో ఫ్రెంచి వైద్యుడు ఒబానియాక్ వర్ణించిన పద్ధతిలో జత్రుకే దారి చూపే గుర్తు: లోపలి మూడో వంతు, మధ్య మూడో వంతు కలిసే చోటుకు కాస్త కింద సూది గుచ్చి, ఎముక కింది అంచును ఆనుకుంటూ రొమ్ము ఎముక పైన ఉండే గుంట వైపు నడపాలి. వంపు ఎక్కువ ఉన్నవారిలో ఆ చోటు ముందుకు ఉబికి సూది కోణం మారిపోతుంది. ఈ ఇబ్బంది వల్ల కూడా, ఇప్పుడు అల్ట్రాసౌండ్ సాయంతో సిరను చూస్తూ చేయడం మంచిదంటున్నారు. మరీ లోపలిగా వేసిన గొట్టం జత్రుకకూ మొదటి పక్కటెముకకూ మధ్య నలిగి తెగిపోయే సందర్భాలున్నాయి. నమూనాతో పాటు మొదటి పక్కటెముక కూడా ఇచ్చి ఉంటే ఆ ఇరుకు సందును చూపడం సులువయ్యేది.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కండరాలు మొదలయ్యే చోట్లకు ఎరుపు, చేరే చోట్లకు నీలం అనే పాత సంప్రదాయాన్నే పాటించారు. డెల్టాయిడ్ (భుజం కండరం), పెక్టొరాలిస్ మేజర్ (ఛాతీ కండరం), మెడ కండరం జత్రుక కొస ఎరుపులోనూ, ట్రపీజియస్ (వీపు పైభాగపు కండరం), సబ్‌క్లేవియస్ నీలంలోనూ సరిగ్గానే ఉన్నాయి. అయితే డెల్టాయిడ్‌కూ పెక్టొరాలిస్‌కూ మధ్య ఖాళీని రంగు గీత ఒకే వెడల్పుగా చూపుతుంది. ఆ ఖాళీ కొందరిలో విశాలంగా, కొందరిలో దాదాపు లేనట్లుగా ఉంటుంది. దానిలో వెళ్ళే సిఫాలిక్ అనే చేతి సిర ఒక్కోసారి జత్రుక మీదుగా ఎక్కి మెడ సిరలో కలవడమూ ఉంది. పైగా రంగు పొర మందంగా ఉండి, కింది వైపు గాడిని సగం పూడ్చేసింది.

అందుచేత కొనదలచినవారు రంగులు లేని రకమే తీసుకోవాలని నా సలహా. మొదటి ఏడాది విద్యార్థులకు, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులకు ఇది చాలు. శస్త్రచికిత్స శిక్షణకు, రేడియాలజీ బోధనకు మాత్రం దీనితో పాటు, వేర్వేరు వ్యక్తుల సిటి స్కాన్ల నుంచి త్రీడీ ప్రింటరు మీద తీసిన జత్రుకలను పక్కన పెట్టుకోవడం తప్పనిసరి. వాటిలో కనీసం ఒక జత ఒకే వ్యక్తికి చెందిన కుడి, ఎడమ ఎముకలై ఉండాలి, ఒకటి పొట్టి స్త్రీ ఎముకై ఉండాలి. తయారీదారులు రాబోయే అచ్చులో ఒకే ఒక్క మార్పు చేయగలిగితే, కుడిదాన్ని తిప్పి చేసిన ఎడమ ఎముకను తీసేసి, ఆ కుడి ఎముక ఏ వ్యక్తిదో అదే వ్యక్తి ఎడమ ఎముకను దాని స్థానంలో పెట్టాలి. అది దొరకకపోతే, ఒక్క కుడి ఎముకనే విడిగా అమ్మడం జతగా అమ్మడం కన్న నిజాయితీ గల పని.